పంది మాంసం కొంటున్నారా? ఆ పంది ఎలా పెరిగిందో ముందు అడగండి

ఆదివారం మాంసం కొట్టు దగ్గర మనం సాధారణంగా అడిగేది రెండే ప్రశ్నలు. కిలో ఎంత? కొవ్వు ఎక్కువుందా? ఆ పంది షెడ్డులో పెరిగిందా, మురుగు కాలువ వెంట తిరిగిందా అని అడిగేవాళ్లు తక్కువ. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పంది మాంసం తినేవాళ్లకే కాదు, తిననివాళ్లకూ ఈ ప్రశ్నతో సంబంధం ఉంది. ఎందుకో చూద్దాం.

వీధుల్లో తిరిగే పందితో సమస్య ఏంటి?

బహిరంగ మలవిసర్జన జరిగే చోట పందులు తిరిగితే మలంలోని బద్దె పురుగు గుడ్లు వాటి కడుపులోకి వెళ్తాయి. పంది కండరాల్లో తిత్తులుగా మారతాయి. ఆ మాంసాన్ని సరిగా ఉడికించకుండా తింటే మన పేగుల్లో బద్దె పురుగు పెరుగుతుంది.

మెదడులో తిత్తులు ఏర్పడి ఫిట్స్ రావడం మాత్రం మరో దారిలో జరుగుతుంది. పురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు నీళ్లు, పచ్చి కూరగాయలు, కడగని చేతుల ద్వారా నోట్లోకి వెళ్లడమే దీనికి కారణం. అందుకే పంది మాంసం ముట్టనివాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. చిత్తూరు జిల్లాను ఆనుకుని ఉన్న వేలూరు ప్రాంతంలో సీఎంసీ వైద్యులు సర్వే చేస్తే, మూర్ఛ ఉన్నవారిలో సుమారు మూడో వంతు మందికి ఈ తిత్తులే కారణమని తేలింది.

ఒక్కో పందికి ఎంత చోటు ఉండాలి?

భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) సిఫార్సుల ప్రకారం పైకప్పు కింద ఒక్కోదానికి కావాల్సిన చోటు, చదరపు మీటర్లలో:

• మగ పంది: 6 నుంచి 7
• ఈనిన తల్లి, పిల్లలతో కలిపి: 7 నుంచి 9
• చూడి లేని ఆడ పంది: 1.8 నుంచి 2.7
• 3-5 నెలల పిల్ల: 0.9 నుంచి 1.2
• 5 నెలలు దాటినది: 1.3 నుంచి 1.8

దీనికి తోడు తిరగడానికి ఆరుబయట కొంత జాగా ఉండాలి. పందికి మనలా చెమట పట్టదు. బురదలో పొర్లేది ఒళ్లు చల్లబరుచుకోవడానికే. మన ఎండల్లో నీడ, తాగునీరు, ఒంటి మీద నీళ్లు చల్లే ఏర్పాటు తప్పనిసరి.

హోటల్ మిగులు పెట్టొచ్చా?

పచ్చిగా పెట్టకూడదు, బాగా మరిగించాలి. మాంసం వ్యర్థాలు కలిసిన మిగులుతో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ సోకే ప్రమాదం ఉంది. ఈ జబ్బు మన దేశంలో మొదట 2020లో బయటపడింది. మనుషులకు సోకదు. కానీ పందులకు వస్తే చికిత్స లేదు, మందకు మందే పోతుంది. పందులు వరుసగా చనిపోతుంటే దాచకుండా పశువైద్యుడికి చెప్పాలి.

చట్టం ఏం చెబుతోంది?

జంతువును కదల్లేనంత ఇరుకు బోనులో పెట్టడం, యజమాని మేత, నీరు, నీడ ఇవ్వకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ కింద నేరం. అయితే మొదటిసారి దొరికితే జరిమానా రూ.10 నుంచి రూ.50 వరకే. మూడేళ్లలోపు మళ్లీ అదే తప్పు చేస్తే రూ.25 నుంచి రూ.100 జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

కబేళాలకు 2001 నాటి నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం:

• పశువైద్యుడు పరీక్షించి ధ్రువీకరించాలి
• కోతకు ముందు 24 గంటల విశ్రాంతి ఇవ్వాలి
• ఒకదాన్ని మరొకదాని కళ్ల ముందు కోయకూడదు
• చూడితో ఉన్నదాన్ని, మూడు నెలల్లోపు పిల్లను కోయకూడదు

విశ్రాంతి నిబంధన వల్ల మనకూ లాభమే. కోతకు ముందు బెదిరిపోయిన పంది మాంసం పాలిపోయి, నీళ్లు కారుతూ, మెత్తబడిపోతుంది.

పెంచేవాళ్లకు సాయం ఉందా?

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో పందుల పరిశోధన కేంద్రం ఉంది. 75 శాతం లార్జ్ వైట్ యార్క్‌షైర్, 25 శాతం నాటు రక్తంతో 'టీ-17' రకాన్ని రూపొందించింది ఇక్కడే. జాతీయ పశుసంవర్ధక మిషన్ కింద 50 ఆడ, 5 మగ పందుల ఫారానికి రూ.15 లక్షల వరకు, 100 ఆడ, 10 మగ పందుల ఫారానికి రూ.30 లక్షల వరకు 50 శాతం రాయితీ ఉంది.

చిక్కంతా ఇక్కడే. తరతరాలుగా పందులను నమ్ముకున్న ఎరుకల కుటుంబాల్లో పది పందులున్న ఇల్లు ఈ లెక్కలోకి రాదు. షెడ్డుకు జాగా, డబ్బు లేకుండా 'వీధిలోకి వదలొద్దు' అంటే వాళ్లు ఎక్కడ పెంచాలి? ఈ ప్రశ్నకు జవాబు దొరికే వరకు పందులు వీధుల్లోనే ఉంటాయి.

మీరు కొనేటప్పుడు

• ఏ ఫారం నుంచి వచ్చిందో, ఎక్కడ కోశారో అడగండి
• ఆహార భద్రత సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) లైసెన్స్ లేదా రిజిస్ట్రేషన్ ఉందో చూడండి
• కండలో బియ్యపు గింజల్లాంటి తెల్లటి బుడిపెలు కనిపిస్తే తీసుకోవద్దు
• లోపలి వరకు పూర్తిగా ఉడికించండి, పచ్చి మాంసం ముట్టాక చేతులు, కత్తి కడగండి

మీరే పందులు పెంచుతుంటే, పశువుల అంబులెన్స్ కోసం 1962కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.