తూటాకు కొవ్వెందుకు?

1857 మాట ఎత్తగానే మన పాఠ్యపుస్తకాలన్నిటిలోనూ తప్పక ఎదురయ్యే వాక్యం ఒకటి ఉన్నది. ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలను నోటితో కొరకమన్నారు గనుక సిపాయిలు తిరగబడ్డారని. అక్కడితో ఆ పేరా ముగిసి, తరువాతి పేరా మంగళ్ పాండేతో మొదలవుతుంది. ఇంతకూ తూటాకు కొవ్వు ఎందుకు పూయాలి? సీసపు గుండుకూ జంతువుల కొవ్వుకూ ఏమి చుట్టరికం? ఈ సంగతి తేలకుండా ఆనాటి వివాదంలో న్యాయమెవరిదో నిర్ణయించడం కుదరదని నా అభిప్రాయం. ఆంగ్ల రచయితలలో చాలామంది దీనిని మూఢుల భయంగా కొట్టిపారేశారు. మనవారిలో కొందరు మతం చెడగొట్టడానికి పన్నిన కుట్ర అన్నారు. ఇరుపక్షాలలోనూ తూటాను చేతిలోకి తీసుకుని విప్పి చూసినవారు అరుదు.

నాకు ఈ విషయం మీద ఆసక్తి కలిగించినది ఒక యంత్రం. నేను అమెరికాలో ఉన్న కాలంలో మా పొరుగున ఉద్యోగ విరమణ చేసిన పెద్దాయన ఒకరుండేవారు. పాత తుపాకులంటే ఆయనకు ప్రాణం. గుండ్లు కొనడం నచ్చదు, గరాజులో తానే పోత పోసుకునేవారు. ఉత్త సీసం మరీ మెత్తన గనుక తగరమూ ఆంటిమొనీ కలిపేవారు. 90 పాళ్ళ సీసం, 5 పాళ్ళ తగరం, 5 పాళ్ళ ఆంటిమొనీ అన్నది ఆ విద్య తెలిసినవారిలో పేరుమోసిన పాకం. అచ్చులోంచి రాలిన గుండు వెండిలా మెరుస్తూ ఉంటుంది కాని, అలాగే తుపాకిలో పెట్టడానికి తగదు. దాని లావు వెంట్రుకవాసి అటో ఇటో అయి ఉంటుంది. నడుము చుట్టూ తీర్చిన గాళ్ళు ఖాళీగా ఉంటాయి.

ఈ రెండు లోపాలనూ ఒక్క మీట దెబ్బతో తీర్చే ప్రెస్సు ఒకటి ఆయన బల్లకు బిగించి ఉండేది. దాని పనితీరు మనవారికి చెప్పడం సులభమే. కంసాలి కమ్మచ్చునూ, మన వంటింటి జంతికల గొట్టాన్నీ ఒకటిగా చేస్తే ఆ యంత్రం అవుతుంది. నడుమ ఒక ఉక్కు అచ్చు, అందులో కచ్చితమైన కొలతకు తొలిచిన రంధ్రం, రంధ్రపు గోడకు సన్నని బెజ్జాలు. పక్కనున్న అరలో మైనపు కడ్డీ, దాని నెత్తిన మర. మర తిప్పిన కొద్దీ మైనం మీద ఒత్తిడి పెరుగుతుంది. గుండును రంధ్రం మీద నిలబెట్టి మీట దించితే అది ఒరుసుకుంటూ లోపలికి దిగి సరియైన లావుకు వస్తుంది. అడుగు తాకిన క్షణంలో బెజ్జాల గుండా మైనం పొంగి గాళ్ళు నింపుతుంది. మీట ఎత్తితే గుండు నడుముకు మైనపు పట్టీ కట్టుకుని పైకి వస్తుంది. 38 రకం రివాల్వరుకు 0.358 అంగుళాలు, 45 రకం పిస్తోలుకు 0.452 అంగుళాలు. అంగుళంలో వెయ్యోవంతు తేడాకు కూడా ఆ పెద్దాయన ముఖం చిట్లించేవారు.

కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్ పట్టణంలో జాన్ బార్లో అనే ఆయన 1884లో స్థాపించిన ఐడియల్ కంపెనీ ఇటువంటి పనిముట్లకు ప్రసిద్ధి. 19, 20 శతాబ్దాల సంధికాలంలో పూత, కొలత రెండూ ఒకేచోట జరిగే ప్రెస్సు వారి సరుకులలో ఉండేది. 1925లో ఆ కంపెనీని లైమన్ వారు కొన్నారు. 45, 450, 4500 అన్న అంకెలతో వచ్చిన లైమన్ ప్రెస్సులు ఆ వంశంలోవే. పూత మైనానికి ఎవరి పాకం వారిది. తేనెమైనమూ, అలాక్స్ అనే పెట్రోలియం సరుకూ చెరిసగం కలిపిన పాకాన్ని అమెరికన్ రైఫిల్‌మన్ పత్రికకు చెందిన హారిసన్ ప్రచారంలోకి తెచ్చిన తరువాత చాలామంది దానికి మళ్ళారు.

మైనం లేకపోతే ఏమవుతుందని ఆయనను అడిగాను. సీసం గొట్టానికి అంటుకుని, నాలుగు దెబ్బలకే గురి పోతుందన్నారు. ఆపైన, నల్లమందు కాలంలో ఇంతకంటె పెద్ద కష్టం మరొకటి ఉండేదని, మీ దేశంలోనే దానికి పెద్ద యుద్ధం జరిగింది కదా అని నా వైపు చూశారు.

నల్లమందు అంటే సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన పాత తుపాకి మందు. అది కాలినప్పుడు సగానికి పైగా బరువు పొగగా పోక ఘనపదార్థంగా మిగులుతుంది. ఆ మసి గొట్టం గోడలకు పేరుకుంటుంది. గాలిలో తేమ ఉంటే కాస్త మెత్తగా ఉంటుంది. ఎండవేళ గచ్చులా గట్టిపడుతుంది. గుండును మూతి నుంచి దట్టించవలసిన తుపాకులలో ఈ మసి ప్రాణాంతకమైన చిక్కు, ఎందుకంటే పది పదిహేను దెబ్బలయ్యాక గుండు సగంలో ఇరుక్కుంటుంది.

కంపెనీ సిపాయిల పాత బ్రౌన్ బెస్ తుపాకికి ఈ బాధ అంతగా లేదు. దాని గొట్టం ముప్పాతిక అంగుళం వెడల్పు, లోపల నునుపు. గుండు గొట్టం కంటె బాగా సన్నం. మసి పట్టినా జారిపోతుంది. దానికి మూల్యం గురి. వంద గజాలు దాటితే ఆ గుండు ఎటు పోతుందో కాల్చినవాడికీ తెలియదు. గొట్టం లోపల మెలిక గాళ్ళు తీర్చిన రైఫిలుకు గురి ఉంటుంది కాని, గుండు ఆ గాళ్ళను బిగువుగా పట్టుకోవాలి. బిగువైన గుండును మూతి నుంచి దించడం యుద్ధభూమిలో ఎవరి తరం? ఈ ముడిని విప్పినవారిలో ఫ్రెంచి సైనికాధికారి మినియే పేరు 1849 నుంచి ప్రసిద్ధికెక్కింది. అడుగున గుల్ల చేసిన కోసుగా ఉన్న గుండు అది. దించేటప్పుడు సన్నం, పేలినప్పుడు వాయువు ఒత్తిడికి అడుగు విచ్చుకుని గాళ్ళను పట్టుకుంటుంది. ఒక రకంగా, ఆ పెద్దాయన ప్రెస్సు చేసే కొలత పనిని ఇక్కడ గొట్టమే చేస్తున్నది.

ఆ సూత్రం మీద వచ్చినదే ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డు రైఫిలు, 1853 నమూనా. గొట్టం వెడల్పు 0.577 అంగుళాలు, గుండు 0.568. నడుమ సందు అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులు మాత్రమే, అంటే పావు మిల్లీమీటరు కూడా లేదు. అంత ఇరుకులో మసి ఉన్నా గుండు జారాలంటే జిడ్డు తప్పనిసరి. అదీ కొవ్వు కథ. మతంతో నిమిత్తం లేని అవసరం అది. కాని ఆ జిడ్డు ఏ జిడ్డు కావాలన్నది మాత్రం అవసరం నిర్ణయించలేదు. మనుషులు నిర్ణయించారు.

తూటా అంటే అప్పట్లో కాగితపు పొట్లం. మందూ గుండూ కలిపి చుట్టి, గుండు ఉన్న కొసను కరిగిన కొవ్వు, మైనం కలిపిన పాకంలో ముంచేవారు. సిపాయి మందు ఉన్న కొసను పళ్ళతో కొరికి, మందును గొట్టంలో పోసి, పొట్లాన్ని తిరగేసి జిడ్డు కొసను మూతిలో దూర్చి, మిగిలిన కాగితం చింపి, కడ్డీతో దట్టించాలి. అంటే కొరికే కొస వేరు, కొవ్వు ఉన్న కొస వేరు. ఈ సూక్ష్మం ఎత్తి చూపి సిపాయిల ఆక్షేపణ అర్థరహితమన్నవారు ఉన్నారు. వేసవిలో కట్టలు కట్టి సంచిలో పెట్టిన కాగితపు పొట్లాలలో కొవ్వు తన హద్దులో తాను కూర్చుంటుందా? ఆవకాయ జాడీకి కట్టిన గుడ్డను చూసిన మనవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. పైగా జిడ్డు కొసను వేళ్ళతో పట్టుకోనిదే పని జరగదు.

ఈ ప్రమాదాన్ని ముందే కనిపెట్టినవాడు ఒకడున్నాడు. మన వాతావరణానికి ఆగుతాయో లేదో చూడమని కొవ్వు తూటాలను 1853లోనే ఇండియాకు పంపారు. బెంగాలు సైన్యంలో ఉన్నతాధికారి కర్నల్ టక్కర్, ఆ జిడ్డు సిపాయిల కులమతాలకు అభ్యంతరం కానిదని తేలేదాకా వారి చేతికి ఇవ్వవద్దని ఆ ఏడాది డిసెంబరులోనే రాశాడు. ఆ కాగితం పైకి వెళ్ళింది, దారిలో ఎక్కడో ఆగింది. మన ఆఫీసుల సంగతి తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు.

1857 జనవరిలో, కలకత్తా పొరుగున ఉన్న డమ్‌డమ్ ఆయుధాగారంలో, ఒక ఖలాసీ ఒక బ్రాహ్మణ సిపాయిని చెంబుతో నీళ్ళు అడిగాడట. మైలపడుతుందని సిపాయి కాదన్నాడు. రేపు ఆవు కొవ్వూ పంది కొవ్వూ కొరికినప్పుడు నీ కులం ఏమవుతుందో చూస్తాలే అన్నాడు ఖలాసీ. జనవరి 22న లెఫ్టినెంట్ రైట్ పై అధికారికి దీనిని నివేదించాడు. ప్రభుత్వం విచారిస్తే తేలినదేమిటి? అభ్యంతరకరమైన కొవ్వు కలవకుండా చూడడానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఏదీ తీసుకోలేదని ఆయుధశాఖ అధికారే ఒప్పుకున్నాడు. నా దృష్టిలో మొత్తం వివాదంలో కీలకమైన వాక్యం ఇదే. కుట్ర ఉన్నదనడానికి ఆధారం లేదు. వదంతి అబద్ధమని చెప్పగలిగే స్థితిలోనూ వారు లేరు. లక్షకు పైగా సిపాయిలున్న సైన్యానికి తూటాలు చేయిస్తూ, ఆ కొవ్వు ఏ జంతువుదని అడగడం ఎవరికీ తోచలేదు. ఇది కుట్ర కంటె చిన్న నేరమని నేను అనుకోను. (ఇదే డమ్‌డమ్ నుంచి 1890లలో మెత్తటి మొన ఉన్న గుండ్లు వచ్చి, ఒంట్లో విచ్చుకునే స్వభావం వల్ల 1899 హేగ్ సభలో నిషేధానికి గురయ్యాయి. ఆ ఊరికి ఏ నక్షత్రమో మరి.)

ప్రభుత్వం ఊరకే కూర్చోలేదు. జనవరి నెలాఖరుకే పూత లేని తూటాలు ఇచ్చి, సిపాయిలు తమకిష్టమైన మైనమో నూనెనో తామే కొని పూసుకోవచ్చునని ఆజ్ఞ వెలువడింది. తరువాత పళ్ళతో కొరకనక్కరలేదు, చేత్తో చింపవచ్చునన్నారు. అప్పటికి అనుమానం కొవ్వు నుంచి కాగితానికి పాకింది. ఫిబ్రవరిలో బారక్‌పూర్ విచారణలో, కొత్త కాగితం మెరుస్తున్నదని, కాలిస్తే జిడ్డు వాసన వస్తున్నదని సిపాయిలు చెప్పారు. కలకత్తాలో రసాయన పరీక్ష చేయించి కాగితంలో కొవ్వు లేదన్నారు. ఎవరు నమ్ముతారు? కొవ్వు సంగతి దాచినవారే కాగితం సంగతి చెబుతున్నారాయె.

నమ్మకం ఒకసారి పోయిన తరువాత వస్తువుతో పని లేదు. మీరట్‌లో ఏప్రిల్ 24న 90 మంది అశ్వసైనికులను నిలబెట్టి తూటాలు అందుకోమంటే 85 మంది నిరాకరించారు. అవి కొత్త ఎన్‌ఫీల్డు తూటాలు కూడా కావు, ఏళ్ళ తరబడి వాడుతున్న పాత రకమే. మే 9న అందరి ఎదుటా వారికి సంకెళ్ళు వేశారు. మరునాడు ఆదివారం, మీరట్ రగిలింది. 11న ఢిల్లీ. భూముల జప్తులు, అవధ్ కలుపుకోవడం, జీతభత్యాల అసంతృప్తి, వీటన్నిటి మీదా పుస్తకాలు కొల్లలు. వాటిని ఇక్కడ ఎత్తుకోను.

ఢిల్లీ జనం ఆ సిపాయిలను ఏమని పిలిచేవారో తెలుసునా? తిలంగేలని. ఇంగ్లీషువారు మొదట మద్రాసు వైపు నుంచి బెంగాలుకు తీసుకుపోయిన సిపాయిలలో తెలుగువారు ఎక్కువ గనుక, తరువాత చేరినవాడు అవధ్ బ్రాహ్మణుడైనా ఆ పేరే స్థిరపడిపోయింది. అసలు తిలంగేలున్న మద్రాసు సైన్యం మాత్రం 1857లో చాలావరకు కదలలేదు. వారి పాఠం యాభై ఏళ్ళ ముందే అయిపోయింది. 1806 జూలై 10న వెల్లూరు కోటలో తిరుగుబాటుకు కారణాలలో ఒకటి కొత్త తలపాగాకు తగిలించిన తోలు తురాయి. అక్కడ తోలు, ఇక్కడ కొవ్వు. రెండుచోట్లా ఆ తోలు, ఆ కొవ్వు ఏ జంతువువని అడిగిన ప్రశ్నకు సమాధానం లేదు.

ఇక మిగిలినది ఆ పావు మిల్లీమీటరు. తిరుగుబాటును అణచడానికి ఎన్‌ఫీల్డులు పట్టుకుని వచ్చిన తెల్ల సైనికులకే మన ఎండలో గుండ్లు దిగలేదు. పాకంలోని కొవ్వు కరిగి కారిపోయింది, మసి బిగుసుకున్నది. మతాల మీద గౌరవంతో జరగని మార్పు, కడ్డీ దిగకపోవడంతో జరిగింది. 1859 ప్రాంతంలో గుండును 0.568 నుంచి 0.550 అంగుళాలకు సన్నం చేశారు. కొవ్వు మానేసి శుద్ధమైన తేనెమైనం పూయసాగారు. అప్పటికి బహదూర్ షా రంగూనులో ఖైదీగా ఉన్నాడు.