తోడేళ్ళ ఊళ వేట

మనిషి తోడేలులా ఊళ వేసి, అడవిలోని తోడేళ్ళ చేత బదులు పలికించి, ఆ బదులును బట్టి వాటి తావును కనిపెట్టే పద్ధతి ఇది. రష్యాలో 19వ శతాబ్దం నాటికి దీన్ని జీతానికి చేసే నిపుణులు ఉండేవారు. 20వ శతాబ్దం రెండో సగంలో కెనడా, అమెరికా పరిశోధకులు దీన్నే తోడేళ్ళను లెక్కపెట్టే సాధనంగా మలిచారు. తుపాకి ముందుకు తోడేలును రప్పించే మాయగా దీనికి పేరుంది. అలా రప్పించిన వేటగాళ్ళు లేకపోలేదు, కాని చరిత్రలో ఆ వాటా చిన్నది. తోడేలు ఉన్నచోటే ఉండి తన తావు తానే చెప్పేసేలా చేయడం ఊళ చేసిన పెద్ద పని. చావు ఆ తరవాత వలతోనో, కుక్కలతోనో, జెండాలతోనో వచ్చేది.

తోడేలును వెతకడం ఎందుకంత కష్టం? ఒక గుంపు వందల చదరపు కిలోమీటర్ల నేలను తనదిగా చేసుకుంటుంది. ఒక్క రాత్రిలో ముప్పై కిలోమీటర్లు నడవడం దానికి పెద్ద విషయం కాదు. మంచు పడితే అడుగుజాడలు దొరుకుతాయి, లేకుంటే అవీ కరువే. అయితే ఏడాదిలో కొన్ని నెలలు ఆ గుంపు కాళ్ళకు బంధం పడుతుంది. వసంతంలో బొరియలో పుట్టిన పిల్లలను రెండు నెలలు దాటాక పెద్దవి నీటికి దగ్గరగా ఉన్న మరుగైన చోటికి మారుస్తాయి. పిల్లలను అక్కడే వదిలి తాము వేటకు పోతాయి. శరత్కాలం దాకా ఆ చోటు చుట్టూనే వాటి రాకపోకలు. పిల్లలకు లోకం తెలియదు, ఎవరు పిలిచినా పలుకుతాయి. పిల్లలు గొంతెత్తితే పెద్దవీ అందుకుంటాయి. ఊళ వేట అంతా ఈ ఒక్క బలహీనత మీద కట్టిన మేడ.

యూరప్ తొలి పద్ధతులు

9వ శతాబ్దం మొదట్లో షార్లెమేన్ తన రాజ్యంలో తోడేళ్ళ వేటగాళ్ళను ప్రత్యేకంగా నియమించమని ఆజ్ఞాపించాడు. ఫ్రాన్సులో ఆ సంప్రదాయం లూవెతెరీ అనే ప్రభుత్వ శాఖగా ఎదిగింది. 1787లో రద్దయి, నెపోలియన్ కాలంలో మళ్ళీ లేచి, పని మారినా పేరుతో నేటికీ నిలిచి ఉంది. 1380ల చివర గాస్తోఁ ఫెబూస్ రాయించిన వేట గ్రంథంలోనూ, 1566లో జాఁ ద క్లామొర్గాఁ తోడేళ్ళ వేట మీదనే ప్రత్యేకంగా వెలువరించిన పుస్తకంలోనూ తోడేలు శత్రువే, కాని తెలివి తక్కువది కాదు. చచ్చిన పశువు మాంసాన్ని ఈడ్చుకుంటూ పోయి వాసన దారి వేయడం, దాని చివర మాటు కాయడం, వాసన పసిగట్టే కుక్కతో తెల్లవారుజామున తావు కట్టడం ఫ్రెంచి వేటగాళ్ళు బాగా నమ్ముకున్న దారులు. అక్కడ ముక్కుదే పైచేయి. చెవిని నమ్ముకున్నది రష్యన్లు.

రష్యాలో

టాల్‌స్టాయ్ ‘యుద్ధము – శాంతి’ నవలలో రస్తోవ్ కుటుంబం తోడేళ్ళ వేటకు బయలుదేరే ముందు ఒక చిన్న సంగతి ఉంటుంది, చదువరులు చాలామంది దాటేస్తారు. వేట పెద్ద దనీలో ఒక మనిషిని చీకటితోనే అడవి అంచుకు పంపి వినిరమ్మంటాడు. తల్లి తోడేలు పిల్లలతో ఏ అడవిలోకి మారిందో అతను తెచ్చిన కబురును బట్టే ఆ రోజు వేట ఎటు వెళ్ళాలో తేలుతుంది. తరవాతి పేజీల్లోని గుర్రాలు, బొర్జోయ్ కుక్కలు, కేకలు అన్నీ ఈ వినికిడి మీద ఆధారపడ్డవే.

విని ఊరుకోకుండా బదులు రాబట్టేవాణ్ణి వాబెల్‌షిక్ అనేవారు. ఆగస్టు నడుమ నుంచి సెప్టెంబరు దాకా అతని రోజులు. అప్పటికి పిల్లలకు మూడు నాలుగు నెలలు నిండి ఉంటాయి, గొంతు వచ్చి ఉంటుంది, బుద్ధి ఇంకా రాదు. పొద్దు వాలి గాలి పడిపోయాక, లేదా తెల్లవారకముందు, అడవికి గాలివాలుకు ఎదురుగా నిలబడేవాడు. ముక్కు నొక్కి పట్టి, అరచేతులు దోసిలిగా నోటికి అడ్డం పెట్టి, తల నేలకు వంచి లోగొంతుకతో మొదలుపెట్టి, తల ఎత్తుతూ గొంతు పెంచి, మళ్ళీ దించేవాడు. కొందరు గొంతుకు తోడుగా లాంతరు చిమ్నీ గాజును వాడేవారు. మగ తోడేలుది బరువైన లావు గొంతు, ఆడదానిది కాస్త సన్నం. నిరుటి పిల్లలది వేరు, ఈ ఏటి పిల్లలది కుక్కపిల్లల కుయ్యికుయ్యితో కలిసిన పలుకు. మంచి వాబెల్‌షిక్ ఈ గొంతులన్నీ పలికించగలగాలి, బదులు వచ్చినప్పుడు ఎన్ని పెద్దవో ఎన్ని పిల్లలో విడదీసి చెప్పగలగాలి. గొంతు ఒకచోట తప్పితే ముసలి తోడేళ్ళు మౌనం పడతాయి, మర్నాటికి పిల్లలతో సహా తావు మారుస్తాయి. అందుకే యజమానులు చేతకానివాణ్ణి అడవి దరిదాపులకు రానిచ్చేవారు కాదు.

తావు తెలిశాక వేట ఎలా సాగాలన్నది యజమాని స్తోమతును బట్టి ఉండేది. జమీందార్లు జాగిలాలను అడవిలోకి వదిలి, బయట మైదానంలో బొర్జోయ్‌లతో కాపు వేసేవారు. చలికాలంలో మరో పద్ధతి ఉండేది: తోడేళ్ళు పడుకున్న అడవి ముక్క చుట్టూ ఎర్రగుడ్డ పేలికలు కట్టిన తాడును తిప్పేవారు. ఎప్పుడూ చూడని వస్తువూ, దాని మీది మనిషి వాసనా కలిసి తోడేలును ఆ గీత దాటనివ్వవు. 20వ శతాబ్దం మొదటి సగంలో నికొలాయ్ జ్వోరికిన్ ఈ జెండాల వేట మీద రాసిన పుస్తకాలు సోవియట్ వేటగాళ్ళకు పాఠ్యగ్రంథాలయ్యాయి.

తోడేలును నిజంగా తుపాకి దగ్గరికి రప్పించిన రష్యన్ ఉపాయం ఇంకొకటి ఉంది. అందులో ఊళ లేదు, పందిపిల్ల ఉంది. చలికాలపు రాత్రి గుర్రపు బండిలో పందిపిల్లను గోతంలో కట్టి, అది అరిచేలా చేస్తూ అడవి దారిన పోయేవారు. వెనక తాడుకు గడ్డి మూట కట్టి మంచు మీద ఈడ్చేవారు. అరుపు విని వచ్చిన తోడేలు ఆ మూటనే పందిపిల్ల అనుకుని వెంటపడితే బండిలోంచి కాల్చేవారు. గుర్రం బెదిరిందో, తోడేళ్ళు అనుకున్నదానికన్నా ఎక్కువ వచ్చాయో, వేట తలకిందులయ్యేది. మన వేటల్లో దీమంగా కట్టిన జంతువు చేసే పనే ఇది, కాకపోతే ఇక్కడ దీమం ప్రయాణం చేస్తుంది.

అమెరికాలో లోకువైన విద్య

అమెరికా పశ్చిమాన తోడేలును వెతకాల్సిన ఓపిక ఎవరికీ లేకపోయింది. విషం, ఇనుప బోన్లు, బొరియలు తవ్వి పిల్లలను తీయడం, తలకింత అని బహుమానం చాలాయి. 1915 నుంచి కేంద్ర ప్రభుత్వమే జీతానికి వేటగాళ్ళను పెట్టింది. 1926లో ఎల్లోస్టోన్ పార్కులో చివరి తోడేళ్ళు చచ్చాయి. వేటగాళ్ళు నమ్ముకున్న ఎర వాసనే. 1894లో న్యూ మెక్సికోలో ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్ ‘లోబో’ అనే తోడేలును పట్టింది కూడా అలాగే: ముందు దాని జంట బ్లాంకాను చంపి, ఆమె వాసనతో బోన్లు పరిచాడు. బోనులన్నిటినీ పసిగట్టిన లోబో జంట జాడ వెతుక్కుంటూ వచ్చి చిక్కింది. ఆ కథ రాశాక సీటన్ తోడేళ్ళ పక్షాన మాట్లాడే మనిషయ్యాడు.

ఊళను చెవితో లెక్కపెట్టడం ఎంత ప్రమాదమో చెప్పే సంఘటన ఒకటి తరవాత అమెరికా అధ్యక్షుడైన యులిసిస్ గ్రాంట్ ఆత్మకథలో ఉంది. కుర్ర సైనికాధికారిగా టెక్సాస్‌లో గుర్రం మీద పోతూ తోడేళ్ళ గోల విన్నాడు. ఎన్ని ఉండొచ్చని తోటి అధికారి అడిగితే తక్కువ చెప్పినట్టు ఉండాలని ఇరవై అన్నాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే కూర్చుని ఉన్నవి రెండే. తోడేళ్ళు కలిసి కూసేటప్పుడు ఒక్కొక్కటి వేరే స్థాయిలో పలుకుతూ గొంతును పైకీ కిందికీ తిప్పుతుంది, పైగా చెట్లు, కొండలు ప్రతిధ్వనిస్తాయి. అనుభవం ఉన్న పరిశోధకులు కూడా ఊళ విని గుంపులో ఎన్ని ఉన్నాయో చెప్పడానికి ఇప్పటికీ జంకుతారు. పిల్లలు ఉన్నాయా లేవా అన్నది మాత్రం ధైర్యంగా చెబుతారు.

చిన్న జంతువు చావుకేకను అనుకరించే పీకలను 1950లలో టెక్సాస్‌కు చెందిన బర్న్‌హామ్ సోదరులు అమ్మకానికి పెట్టారు. అవి ముఖ్యంగా నక్కల కోసం, కయోటీల కోసం. అప్పటికి పిలవడానికి అమెరికాలో చాలాచోట్ల తోడేళ్ళే మిగల్లేదు.

అల్గాంక్విన్ మలుపు

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో అల్గాంక్విన్ పార్కు ఉంది. 1950ల చివరిదాకా అక్కడ అటవీ సిబ్బందే తోడేళ్ళను చంపేవారు. 1958లో డగ్లస్ పిమ్లాట్ ఆధ్వర్యంలో పరిశోధన మొదలైంది. దట్టమైన ఆ అడవిలో తోడేలు కంటబడటమే అరుదు. మొదట టేపు రికార్డరుతో ఊళను వినిపించి చూశారు. తరవాత తేలిందేమిటంటే మామూలు మనిషి గొంతుకు కూడా తోడేళ్ళు బదులిస్తాయి. వాబెల్‌షిక్‌కు పుట్టుకతో తెలిసిన సంగతిని ఇక్కడ మొదటి నుంచి కనిపెట్టాల్సి వచ్చింది. ఆ విద్య ఆధారంగానే పాల్ జాస్లిన్ పిల్లలను వదిలే వేసవి తావులను గుర్తించి 1967లో ప్రచురించాడు. అదే ఏడు జాన్ థీబెర్జ్, బ్రూస్ ఫాల్స్ ఊళ మీద రాసిన వ్యాసమూ వచ్చింది.

1963 ఆగస్టులో పార్కు అధికారులు సందర్శకులనూ పిలిచి చూశారు. కార్ల వరసలు రాత్రి రోడ్డు పక్కన ఇంజన్లు ఆపి నిలబడ్డాయి, సిబ్బంది ఊళ వేశారు. అది ఇప్పటికీ ఆగస్టు గురువారాల్లో, ముందు రాత్రి తోడేళ్ళ తావు దొరికితేనే జరుగుతుంది. ఒక్క రాత్రికి వెయ్యిమందికి పైగా వచ్చిన సందర్భాలు ఉన్నాయి. చంపడానికి వాడిన పిలుపు కచేరీ అయింది. అయితే పార్కు సరిహద్దు దాటిన తోడేళ్ళను చుట్టుపక్కల ఊళ్ళవారు చంపుతూనే ఉన్నారు. సరిహద్దు వెలుపల నిషేధం దశల వారీగా 1993 నుంచి 2000ల మొదటి ఏళ్ళ దాకా సాగి స్థిరపడింది.

మిన్నెసోటాలో ఫ్రెడ్ హారింగ్టన్, డేవిడ్ మెక్ చేసిన పని ‘అసలు తోడేలు ఎందుకు పలుకుతుంది’ అన్న ప్రశ్నకు చేరువగా వెళ్ళింది. 1979, 1982లలో వచ్చిన వారి వ్యాసాల ప్రకారం, పిల్లలు గాని, తాజాగా చంపిన వేట గాని దగ్గరున్న గుంపు తన చోటు వదలక బదులిస్తుంది. పోగొట్టుకోవడానికి ఏమీ లేనిది, ముఖ్యంగా ఒంటరి తోడేలు, నోరు మెదపకుండా తప్పుకుంటుంది. ఒకసారి పలికిన గుంపు కాసేపటిదాకా మళ్ళీ పలకదు. రష్యన్ వేటగాళ్ళు ఆగస్టును ఎందుకు ఎంచుకున్నారో ఈ లెక్కలతో తేటపడింది. ఈ పద్ధతినే ఇటలీ, పోలండ్‌లలో తోడేళ్ళు పిల్లలు పెడుతున్నాయా అని చూడటానికి వాడారు.

మళ్ళీ తుపాకి

1995, 1996లలో కెనడా నుంచి తెచ్చి ఎల్లోస్టోన్‌లో వదిలిన 31 తోడేళ్ళు బలపడ్డాయి. ఐడహో, మోంటానా రాష్ట్రాలు 2009లో తొలిసారి అనుమతి పత్రాలతో వేటను తెరిచాయి. మోంటానా 2013లో ఎలక్ట్రానిక్ పిలుపు యంత్రాలనూ అనుమతించింది. అక్కడి వేటగాళ్ళు ఇప్పుడు పాత రెండు పద్ధతులనూ కలుపుతున్నారు: చీకటి పడుతుండగా ఊళ వేసి తావు తెలుసుకోవడం, తెల్లవారి గాలికి ఎదురుగా చేరి దెబ్బతిన్న జింకపిల్ల అరుపునో, పరాయి తోడేలు సవాలునో వినిపించడం. జత కట్టే కాలమైన జనవరి–మార్చి నెలల్లో పరాయి గొంతు తమ నేలలో వినబడితే గుంపు సహించదు. ఇన్ని యంత్రాలు ఉన్నా, వాళ్ళకు చిక్కే తోడేళ్ళలో చాలా భాగం జింకల వేటలో అనుకోకుండా ఎదురుపడినవే.

భారతదేశంలో

బ్రిటిష్ పాలనలో బహుమానాల మీద 1875–1925 మధ్య 2 లక్షలకు పైగా తోడేళ్ళు చచ్చాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్కకట్టాడు. బొరియ తవ్వి పిల్లలను తీసుకువస్తే డబ్బు చేతికొచ్చే చోట ఊళ నేర్చుకునే అవసరం ఎవరికుంటుంది? మన తోడేలు చిట్టడవి, గడ్డిమైదానం, గుట్టల మధ్య బతుకుతుంది. నంద్యాల జిల్లా రోళ్ళపాడు అభయారణ్యంలో, బట్టమేక పిట్టలు తిరిగిన ఆ గడ్డిభూముల్లోనే తోడేళ్ళూ ఉండేవి. మేకల మందల దారుల్లో అవి కనబడటం రాయలసీమ కాపరులకు కొత్త కాదు.

మహారాష్ట్ర తోడేళ్ళ గొంతులను రికార్డు చేసి సౌగత సాధుఖాన్, బిలాల్ హబీబ్ బృందం 2019లో ప్రచురించింది. 2021లో ఊళ ఆధారంగా ఒక్కొక్క తోడేలును వేరుగా గుర్తించే ప్రయత్నమూ చేసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో తోడేలు ఉంది. ఆ చట్టం దృష్టిలో చంపడమే కాదు, ఎర వేయడం, తరమడం, వాటికి ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తాయి.