అజ్ఞాతం నుంచి గోప్యత దాకా: జపాన్ అంతర్జాల మారుభాష – తెలుగు అన్వయం

భావాన్ని తెలియజేయడమే కాక, కొందరికి తెలియకుండా దాచడం కూడా భాషా ప్రయోజనాల్లో ఒకటి. లక్క ఇంటి కుట్రను విదురుడు ధర్మరాజుకు మాత్రమే బోధపడే మాటలతో హెచ్చరించాడు. అజ్ఞాతవాసంలో పాండవులకు రెండేసి మారుపేర్లు: కంకుడు, వలలుడు, బృహన్నల వంటివి విరాటుని కొలువు కోసం, జయుడు, జయంతుడు, విజయుడు వంటివి తమలో తాము పిలుచుకోవడానికి. వానల కోసం విరాటపర్వం చదివించే రాయలసీమ పల్లెలకు ఇది పరిచితమైన కథే. ఈ నేపథ్యంలో జపాన్ అంతర్జాల మారుభాషను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1999 మే నెలలో నిషిమురా హిరోయుకి ‘ని చానెరు’ అనే చర్చావేదికను ప్రారంభించాడు. పేరు ఇవ్వకుండా రాసినవారికి అక్కడ ‘ననషి-సన్’ అనే పేరు దానంతట అదే చేరేది. ‘పేరులేని గారు’ అని దాని అర్థం. పేరు పోయినా గౌరవవాచకం నిలవడం గమనార్హం. కాలక్రమంలో జపాన్ యువత వాడుకలో గోప్యతకు సంబంధించిన ఒక పదజాలమే ఏర్పడింది. తాళం వేసిన ఖాతా ‘కగి-అక’; చాటు ఖాతా ‘ఉర-అక’. అసలు మనిషి బయటపడటం ‘మిబరె’. ఆరా తీసి గుర్తుపట్టడం ‘తొకుతె’. నలుగురిలో బయటపెట్టడం ‘సరసు’. ఈ చివరి మాటకు పాత చరిత్ర ఉంది. ఎదో యుగంలో (1603–1868) నేరస్థుణ్ణి జనం ముందు కూర్చోబెట్టే శిక్షను ‘సరషి’ అనేవారు. శిక్ష రద్దయింది, మాట మిగిలింది. న్యాయాధికారి స్థానంలోకి గుంపు వచ్చింది.

తెలుగు సమాజంలో పరిస్థితి మరింత సున్నితం. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వంటి పట్టణాల్లో ఇంటిపేరు, ఊరు తెలిస్తే ‘ఎవరి పిల్లోడివి?’ అన్న ప్రశ్నకు జవాబు దొరికినట్టే. ఫొటోలో కనిపించే కళాశాల బోర్డు, బండి నంబరు, చివరికి యాస కూడా మనిషిని పట్టిస్తాయి. కాబట్టి మారుపేరు ఒక్కటే రక్ష కాదు. తిక్కన విరాటపర్వంలో దుర్యోధనుడు పాండవుల జాడను ఊహించింది పేర్లను బట్టి కాదు, కీచకవధలో వ్యక్తమైన బలాన్ని బట్టి.

జపాన్‌లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2003లో ఆమోదం పొంది, 2005లో పూర్తిగా అమలులోకి వచ్చింది. మన దేశంలో 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా ప్రకటించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. చట్టానికి ‘గోప్యత’ అనే మాట దొరికింది; వాడుక భాష మాత్రం వెనకబడి ఉంది. ఒక విద్యార్థిని ఫొటో ఆమె అనుమతి లేకుండా పదిమందికీ చేరితే మన నోట వచ్చే మాట ‘పరువు పోయింది’. అందులో చేసినవాడి ఊసే లేదు. నష్టపోయినవారే దోషులుగా మిగులుతారు. ‘సరసు’ సకర్మక క్రియ. ఎవరు, ఎవరిని అని అడగక తప్పదు.

అలాంటి క్రియ తెలుగుకు లేకపోలేదు. ఊరి నడుమ పదిమంది కూడే చోటు రచ్చ. అక్కడికి బలవంతంగా తేవడం ‘రచ్చకీడ్చడం’. తరగతి గదిలో గోప్యతను బోధించేటప్పుడు ‘పరువు పోయింది’ బదులు ‘ఫలానావాడు రచ్చకీడ్చాడు’ అనడం అలవాటు చేస్తే, చట్టం చూపిన దోషిని భాష కూడా చూపగలుగుతుంది.