తోటిపిల్లల తోడ్పాటు (ఆటిజం)

ఆటిజం ఉన్న పిల్లలు ఆటపాటల్లో, మాటల్లో ఇతరులతో కలిసేందుకు అదే ఈడు పిల్లలు చేయూతనిచ్చే విద్యా పద్ధతి. ఉపాధ్యాయులు లేదా థెరపిస్టులు తరగతిలోని కొందరు పిల్లలకు ముందుగా శిక్షణ ఇస్తారు. పేరు పెట్టి పిలవడం, బొమ్మలు పంచుకోవడం, బదులు వచ్చేదాకా ఓపికపట్టడం, ఎదుటివారికి నచ్చిన ఆటలో తామూ చేరడం అందులో ముఖ్యాంశాలు. పెద్దలు పక్కనుండి గమనిస్తూ, అవసరమైతేనే కల్పించుకుంటారు. పెద్దల దగ్గర నేర్చుకున్నది ఆటస్థలం దాకా రాకపోవచ్చు; తోటివారితో నేర్చుకున్నది అక్కడే వాడుకలో పడుతుంది.

అమెరికాలో ఫిలిప్ స్ట్రెయిన్ 1980ల తొలినాళ్లలో ప్రారంభించిన ‘లీప్’ పూర్వ ప్రాథమిక విద్యా కార్యక్రమం ఈ పద్ధతినే పునాదిగా చేసుకుంది. కోనీ కసారి బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో ఆటిజం ఉన్న 60 మంది బడిపిల్లలు పాల్గొన్నారు. వారికి మాత్రమే విడిగా నేర్పడం కంటే, సహాధ్యాయులకు శిక్షణ ఇచ్చినప్పుడు తరగతి స్నేహబృందాల్లో వారి స్థానం బాగా మెరుగుపడింది.

తోడుండే పిల్లలు ఇష్టంతో ముందుకు రావాలి; భారమంతా ఒక్కరిపైనే పడకూడదు. ఆటిజం ఉన్న పిల్లలు ఒంటరిగా ఉండాలనుకున్నప్పుడు ఆ ఇష్టాన్నీ మన్నించాలి. ఇరువైపులా గౌరవం ఉన్నప్పుడే ఈ తోడ్పాటు స్నేహమవుతుంది.