టెండరు పెట్టె నుంచి ఎక్స్83 ఫైలు దాకా

నేను జర్మనీలో కన్‌స్ట్రక్షన్ కంపెనీలకి సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుగా పని చేస్తున్నాను. రోజంతా నా పని టెండరు ఫైళ్ళతోనే. ఈ వారం ఆ ఫైళ్ళ చరిత్ర చెబుతాను. నిద్రొస్తుందని భయపడకండి, ఇందులో మా నాన్నగారి సంగతి కూడా ఉంది.

నాన్న గుంటూరు జిల్లాలో చిన్న కాంట్రాక్టరు. కాలవ గట్లు, కల్వర్టులు కట్టించేవారు. 2001లో, నాకు పన్నెండేళ్ళప్పుడు, ఒక పనికి టెండరు వేద్దామని డి.డి. తీయించి, కవరు అంటించి, పొద్దున్నే బస్సెక్కారు. ఆఫీసు గేటు దగ్గర పదిమంది అడ్డంగా నిలబడ్డారు. కొట్టలేదు, తిట్టలేదు. "ఈ పని మాది, మీరు ఇంటికెళ్ళండి" అన్నారు. టైము దాటింది, టెండరు పెట్టె మూసేశారు. ఆ కవరు ఇప్పటికీ మా బీరువాలో అలాగే ఉంది.

2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టింది. షెడ్యూలు నెట్‌లో చూసుకోవచ్చు, రేటు నెట్‌లోనే వేయవచ్చు. తర్వాత కొన్నాళ్ళకి నాన్న నన్ను వెంటబెట్టుకుని నెట్ సెంటరుకి వెళ్ళేవారు. ఆయన అంకెలు చెబితే నేను టైపు చేసేవాణ్ణి. ఒక రకంగా నా ఉద్యోగం అక్కడే మొదలైంది.

జర్మనీ వాళ్ళు ఈ దారిలో ఇంకో వైపు నుంచి వచ్చారు. 1966లోనే ప్రభుత్వ శాఖలు, ఆర్కిటెక్టులు, బిల్డర్లు కలిసి ‘గేబ్’ అనే కమిటీ పెట్టుకున్నారు. నిర్మాణ పనుల్లో కంప్యూటర్ల వాడకానికి అందరికీ ఒకే పద్ధతి ఉండాలని వాళ్ళ ఉద్దేశం. టెండరులో ప్రతి పనికీ ఒక నంబరు, వివరణ, పరిమాణం, యూనిట్ ఉంటాయి. కాంట్రాక్టరు పక్కన రేటు వేయాలి. ఈ పట్టిక ఎవరి కంప్యూటరులో తయారైనా మరొకరి కంప్యూటరు చదవగలగాలి.

గేబ్ 90 అనే పాత పద్ధతిలో ఒక్కో వరుసకి 80 అక్షరాలే. పంచ్ కార్డుకి 80 నిలువు గడులు ఉండేవి, ఆ కొలతే ఇక్కడా మిగిలిపోయింది. పరిమాణంలో దశాంశ బిందువు రాయరు. చివరి మూడంకెలు బిందువు తర్వాతివని నియమం. తెలియనివాడు చదివితే 12 ఘనపు మీటర్ల కాంక్రీటు 12,000 అవుతుంది!

ఆ తర్వాత గేబ్ 2000, దాని తర్వాత ఎక్స్ఎంఎల్ వచ్చాయి. ఫైలు పేరు చివర డి పోయి పి, పి పోయి ఎక్స్ వచ్చింది కానీ నంబర్లు మారలేదు. 83 అంటే టెండరు పిలుపు, 84 అంటే కాంట్రాక్టరు ఇచ్చే జవాబు, 86 అంటే పని అప్పగింత. 84లో ముఖ్యంగా వెనక్కి వెళ్ళేవి పని నంబర్లూ రేట్లూ. ప్రభుత్వం రాసిన వివరణని కాంట్రాక్టరు గుట్టుగా మార్చే వీలు లేదు. నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

మన దగ్గర చాలా పనులకి ఎస్టిమేటు మీద మొత్తంగా ఇంత శాతం ‘లెస్’ అనో ‘ఎక్సెస్’ అనో వేస్తారు. ఇక్కడ ఒక్కో పనికి ఒక్కో రేటు. అందుకే వాళ్ళకి ఫైలు భాష ముందు కావలసి వచ్చింది. మనకేమో ముందు గేటు దాటడం కావలసి వచ్చింది. తమాషా ఏమిటంటే, ఇన్ని ఫైళ్ళున్నా ఇక్కడ కాగితం కవర్లు చాలాకాలం నడిచాయి. యూరోపియన్ యూనియన్ 2014 నాటి ఆదేశం ప్రకారం, పెద్ద ప్రభుత్వ టెండర్లన్నిటికీ ఆన్‌లైన్‌లోనే వేయడం తప్పనిసరి అయింది 2018 అక్టోబరులో.

ఇంతా చేసి, కాంట్రాక్టర్లు ముందుగానే ఫోనులో మాట్లాడుకుని రింగ్ అయితే ఏ ఫైలూ ఆపలేదు. అది మనుషులు పట్టుకోవలసిన దొంగతనం.

ఆమధ్య నాన్న మా ఇంటికొచ్చినప్పుడు ఒక ఎక్స్84 తెరిచి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "టైము కాకముందు ఈ రేటు ఎవరికైనా కనబడుతుందా?" అని అడిగారు.

"కనబడదు నాన్నా, అప్పటిదాకా తాళం వేసి ఉంటుంది" అన్నాను.

"అప్పుడే ఇది ఉండుంటే బాగుండేదిరా" అన్నారు.

చిన్నప్పుడు చూసిన ఆ కవరు వల్లే ఈ 80 అక్షరాల వరుసలు నాకు విసుగనిపించవు. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం, సెలవు.