రెండు డాలర్ల పాట

పాట నోటికి వస్తే చాలు, ఎవరు రాశారని మనం అడగం. మన ఇళ్ళల్లో మంగళహారతులూ, లాలిపాటలూ, పెళ్ళిపాటలూ ఎన్ని పాడుకోవడం లేదూ! ఏ అమ్మమ్మ కట్టిందో, ఏ పెద్దత్తయ్య మార్చిందో ఎవరికి తెలుసు? చర్చి పాటల సంగతి కాస్త నయం. తెలుగు క్రైస్తవ కీర్తనలనగానే పందొమ్మిదో శతాబ్దపు పురుషోత్తమ చౌదరిగారి పేరు చెబుతారు. ఆయన కాలంలోనే సముద్రాల అవతల, అమెరికాలో, ఒకావిడ ఎనిమిది వేలకి పైగా కీర్తనలు రాసింది. ఎనిమిది వేలు! నవలకి పేరు పెట్టడానికే వారం రోజులు తంటాలు పడే నాలాంటిదానికి ఆ అంకె వింటేనే గుండె గుభేలుమంటుంది. ఆవిడ పేరు ఫానీ క్రాస్బీ. ఆవిడకి చూపు లేదు.

పుట్టింది 1820 మార్చిలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఓ పల్లెటూళ్ళో. ఆరు వారాల పసిగుడ్డుకి కళ్ళు ఎర్రబడ్డాయి. వైద్యం తెలుసునన్న పెద్దమనిషి ఎవరో వచ్చి వేడివేడి ఆవాలపట్టు వేశాడు. దాంతో చూపు పోయిందని ఇంటివాళ్ళ నమ్మకం. పుట్టుకతోనే లోపం ఉండి ఉండవచ్చునని ఈ కాలం డాక్టర్లు కొందరంటారు. ఏదైతేనేం, ఆ ఏడాది తిరక్కుండానే తండ్రీ పోయాడు. ఇరవై ఒక్కేళ్ళ తల్లి మెర్సీ పరాయి ఇళ్ళల్లో పనికి కుదిరింది. పిల్ల అమ్మమ్మ యూనిస్ చేతుల్లో పడింది.

ఆ అమ్మమ్మ గురించి ఎవరూ నవల రాయలేదు, రాయాలి. పువ్వు చేతికిచ్చి రంగు మాటల్లో చెప్పేదిట. పిట్ట కూస్తే దాని రెక్క ఎలా ఉంటుందో, పొద్దు వాలేటప్పుడు ఆకాశం ఎలా మారుతుందో చెప్పేదిట. ఆ తర్వాత వాళ్ళున్న ఇంటి యజమానురాలు మరొకావిడ కలిసింది. ఈ ఆడవాళ్ళు బైబిలు చదివి వినిపించడం, పిల్ల కంఠతా పట్టడం. పదేళ్ళు దాటేసరికి సువార్తలు నాలుగూ, పాత నిబంధనలో మొదటి అయిదు గ్రంథాలూ నోటికొచ్చేశాయి. మన ఇళ్ళల్లో అక్షరం రాని ముసలమ్మలు భాగవత పద్యాలు గడగడా చెప్పేవారు, గుర్తుందా? అదే బాపతు.

1835లో న్యూయార్క్ అంధుల పాఠశాలలో చేరి, తర్వాత అక్కడే 1847 నుంచి 1858 దాకా వ్యాకరణం, చరిత్ర చెప్పింది. 1858లో పెళ్ళి. భర్త అలెగ్జాండర్ కూడా చూపు లేనివాడే, మంచి సంగీతజ్ఞుడు. పెళ్ళయ్యాక కూడా నీ పుట్టింటి పేరుతోనే రాయాలని పట్టుబట్టినవాడు ఆయనే. 1858లో సుమా!

మరుసటి ఏడు ఓ బిడ్డ పుట్టి కొన్నాళ్ళకే పోయింది. ఆ సంగతి ఆవిడ దాదాపు ఎవరితోనూ ఎత్తలేదు. ముసలితనంలో ఎప్పుడో క్లుప్తంగా చెప్పిందంతే. 1868లో విలియం డోన్ అనే స్వరకర్త హడావిడిగా వచ్చి, “నలభై నిమిషాల్లో నా రైలు, ఈ రాగానికి మాటలు కావాలి,” అని వాయించి వినిపించాడు. ఆవిడ పక్కగదిలోకి వెళ్ళి, రైలు వేళకి పాట చేతిలో పెట్టింది. ఏసు చేతుల్లో భద్రంగా ఉన్న ప్రాణం గురించిన ఆ పాటని బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు ఎన్నో ఏళ్ళు పాడుకున్నారు. నలభై నిమిషాల పాట అని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం దానికి తొమ్మిదేళ్ళు పట్టిందనిపిస్తుంది.

కీర్తనలు రాయడం ఆవిడ మొదలుపెట్టింది 1864లో, నలభై నాలుగో ఏట. (నా ఈడువాళ్ళు గమనించాలి!) అంతకుముందు జార్జ్ రూట్ అనే ఆయన బాణీలకి మామూలు పాటలు రాసేది. అందులో ఒకదాని మీద రూట్‌కి వచ్చింది దాదాపు 3000 డాలర్లు. మాటలు రాసినావిడకి పాటకి ఒకటో రెండో డాలర్లు! కీర్తనలకీ అదే ధర. హక్కులు ప్రచురణకర్తలవి, స్వరకర్తలవి. పుస్తకం తిరగేస్తే అన్నీ ఒకే మనిషివైతే బాగోదని, ఆవిడకి కలంపేర్లు తగిలించారు. అలా రెండు వందల దాకా పేర్లు! వాటిలో మగపేర్లూ ఉన్నాయి. ఒకప్పుడు మన వారపత్రికల్లో మగవాళ్ళు ఆడపేర్లతో నవలలు రాసిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మన దగ్గర ఆడపేరుకి గిరాకీ ఉండి పెట్టుకున్నారు, అక్కడ ఆడమనిషి మరీ ఎక్కువ రాసిందని దాచారు.

ఆవిడ నోటితో చెబుతూంటే ఎవరో రాసుకునేవారు. సొంతంగా కాగితం మీద పెట్టగలిగింది తన పేరు, మహా అయితే మరో నాలుగు మాటలు.

ఆవిడకి డబ్బు మీద కోపం లేదు, ఆశా లేదు. ఇది భక్తి అనండి, అమాయకత్వమనండి, నాకైతే కాస్త ఒళ్ళు మండుతుంది. చేతికొచ్చింది పంచేసి న్యూయార్క్‌లో బీదవాడల ఇరుకు గదుల్లో కాపురముండేది. తాగుడుకి బానిసలైనవాళ్ళని చేరదీసే మిషన్లకి వెళ్ళి మాట్లాడేది. 1880 ప్రాంతం నుంచి భార్యాభర్తలు వేరువేరుగా ఉన్నారు. కారణం ఇద్దరూ బయటపెట్టలేదు. స్నేహం మాత్రం తెగలేదు. ఆయన 1902లో పోయాడు.

ఆవిడ స్నేహితురాళ్ళలో ఫీబీ నాప్ అని పెద్దింటి ఇల్లాలు, మెట్రొపాలిటన్ లైఫ్ భీమా కంపెనీ అధ్యక్షుడి భార్య. 1873లో తాను కట్టిన రాగం ఒకటి వాయించి, “ఇది ఏం చెబుతోంది?” అని అడిగింది. ఫానీ విని అప్పటికప్పుడు జవాబు చెప్పింది. ఆ జవాబే ‘బ్లెస్డ్ అష్యూరెన్స్’ పాట.

ఫానీ క్రాస్బీ 1915 ఫిబ్రవరి 12న, తొంభై అయిదో ఏట, కనెక్టికట్‌లోని బ్రిడ్జిపోర్టులో కన్నుమూసింది. సమాధి మీద ముందు పెట్టింది చిన్న రాయి. దాని మీద ‘ఆంట్ ఫానీ’ అని ఉంటుంది. పెద్ద రాయి 1955లో గాని రాలేదు. దాని మీద చెక్కింది నాప్‌గారి రాగానికి చెప్పిన ఆ పాటలోని మొదటి చరణమే.