బళ్లారి సరిహద్దు: రెండు లిపులు, లైసెన్సుల చరిత్ర

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లాను విభజించి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను ఆంధ్రకూ, బళ్లారి పట్టణంతో సహా తక్కినవాటిని మైసూరుకూ కేటాయించారు. గీతకు ఇరువైపులా రెండు భాషలూ మిగిలాయి గనుక, ఈ ప్రాంత ప్రజల కోసం నేడు రూపొందే మొబైల్ యాప్ తెలుగునూ కన్నడాన్నీ సమానంగా చూపగలిగితేనే పూర్తిగా అక్కరకు వస్తుంది. అలా చూపగల స్థితి రావడానికి ప్రోగ్రామింగు నైపుణ్యం ఎంత కారణమో, లైసెన్సుల చరిత్ర అంతకన్నా ఎక్కువ కారణం.

విజయనగర కాలంలోనూ ఎంతో దగ్గరగా ఉన్న తెలుగు, కన్నడ లిపులు 19వ శతాబ్దపు అచ్చు అక్షరాలతో స్పష్టంగా వేరుపడ్డాయి. అయినా ఆ చుట్టరికం కంప్యూటరులో మళ్లీ బయటపడింది. 1991లో తొలి వెర్షన్ వెలువడిన యూనికోడ్, అంటే ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్యనిచ్చే అంతర్జాతీయ ప్రమాణం, తెలుగుకు 128 స్థానాలు కేటాయించి, వాటిని ఆనుకునే కన్నడానికి మరో 128 ఇచ్చింది. తెలుగు ‘అ’ సంఖ్య 3077, కన్నడ ‘అ’ సంఖ్య 3205. తెలుగు ‘క’ 3093, కన్నడ ‘క’ 3221. సాధారణ అక్షరాల్లో తెలుగు నుంచి కన్నడానికి మారడానికి 128 కలిపితే చాలు. ప్రాచీన శాసనాల్లోని ‘ఴ’ దగ్గర మాత్రం ఈ లెక్క తప్పుతుంది: 2014లో యూనికోడ్‌లో చేరిన తెలుగు ‘ఴ’ 3124లో ఉండగా, కన్నడంలోని అదే అక్షరం 3294లో ఉంది, కనుక లిపి మార్చే యాప్ ఈ మినహాయింపును విడిగా రాసుకోక తప్పదు.

యూనికోడ్ వ్యాప్తికి ముందు ఒక్కో సంస్థ తన ఫాంటుకు తనదైన సంకేతాలు పెట్టుకోవడం వల్ల, ఆ ఫాంటు కొనని వారికి తెలుగు వాక్యం అర్థంలేని రోమన్ గుర్తుల వరుసగా కనిపించేది. ఈ బంధనాన్ని సడలించిన ప్రయత్నాల్లో తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు చిరస్మరణీయమైనవి. అవి జీపీఎల్ కింద వెలువడ్డాయి. సవరించి పంచేవారు తాము పొందిన స్వేచ్ఛనే ఇతరులకూ ఇవ్వాలని కోరే లైసెన్సు అది. రెడ్‌హ్యాట్ సంస్థ జీపీఎల్ కింద విడుదల చేసిన లోహిత్ ఫాంట్లలో తెలుగు, కన్నడాలు రెండూ ఉన్నాయి. అయితే ప్రోగ్రాముల కోసం రాసిన జీపీఎల్‌ను ఫాంటుకు వర్తింపజేస్తే, ఆ ఫాంటును పొదిగిన పత్రానికీ షరతులు అంటుకుంటాయా అనే సందేహం మిగిలింది. దీన్ని తీర్చడానికి ఎస్‌ఐఎల్ సంస్థ రూపొందించిన ఓపెన్ ఫాంట్ లైసెన్సు 1.1వ వెర్షన్ 2007లో వచ్చింది. లోహిత్ కూడా తర్వాత దానికే మారింది. ఫోన్ల విషయానికొస్తే, 2012లో ఆండ్రాయిడ్ 4.1 తెలుగు, కన్నడ లిపులను చేర్చుకుంది.

ఫాంట్లతో పాటు యాప్ తయారీకి అవసరమయ్యే వెర్షన్ కంట్రోల్ కూడా, అంటే ఫైళ్లలో ఏ పంక్తిని ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో వరుసగా నమోదు చేసే వ్యవస్థ, లైసెన్సు తగాదాతో ముడిపడి ఉంది. లైనక్స్ కెర్నల్ రచయితలు 2002 నుంచి వాడుతున్న బిట్‌కీపర్ అనే అలాంటి వ్యవస్థ ఉచిత లైసెన్సును దాని యజమాని సంస్థ 2005లో ఉపసంహరించుకోగా, లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ ఏప్రిల్‌లోనే దానికి బదులుగా గిట్ అనే వెర్షన్ కంట్రోల్ వ్యవస్థను రాయడం మొదలుపెట్టాడు.

ఆండ్రాయిడ్ ప్రాజెక్టులో తెలుగు పదాలు ‘టీఈ’ సంకేతమున్న ఫోల్డరులో, కన్నడ పదాలు ‘కేఎన్’ సంకేతమున్న ఫోల్డరులో ఉంటాయి. యూనికోడ్ పుణ్యమా అని ఒక తెలుగు మాట మారినప్పుడు పాత పంక్తి, కొత్త పంక్తి గిట్‌లో ఒకదాని కింద ఒకటి చదవదగిన తెలుగులోనే కనిపిస్తాయి. మొదటి కమిట్‌లోనే, అంటే చరిత్రలో నమోదయ్యే తొలి మార్పులోనే, లైసెన్సు పాఠాన్ని చేర్చడం అత్యవసరం. అది లేనిచోట కోడు అందరికీ కనిపిస్తున్నా 1957 నాటి భారత కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రచయితవే, పలువురు చేయి వేసిన తర్వాత లైసెన్సు మార్చాలంటే సాధారణంగా వారందరి సమ్మతీ కావాలి.

2021 వరకు బళ్లారి జిల్లాలోనే ఉన్న హంపి రాజధానిగా ఏలిన కృష్ణదేవరాయల పేరిట సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన తెలుగు ఫాంటుకు ఓపెన్ ఫాంట్ లైసెన్సే ఉంది. దాన్ని పొదిగిన యాప్‌ను అమ్ముకోవచ్చు, ఫాంటును మాత్రం విడిగా అమ్మరాదు. హక్కుల ప్రకటన, లైసెన్సు పాఠం వెంట ఉండాలి, అక్షరాలను సవరించి పంచితే ఆ రూపమూ అదే లైసెన్సు కింద వెలువడాలి.